సవరణ: లోఫ్టస్, పామర్ ప్రయోగంలో ఏది ఏ చరం?

జ్ఞాపకశక్తి పరిశోధనల మీద నేను రాసిన పోస్టులో, మనస్తత్వవేత్తలు లోఫ్టస్, పామర్‌లు 1974లో ప్రచురించిన ప్రయోగం గురించి చెబుతూ కార్ల వేగాన్ని స్వతంత్ర చరం (పరిశోధకులు కావాలని మార్చేది) అన్నాను. తప్పు. తలకిందులుగా రాసేశాను.

అందులో పాల్గొన్న 45 మంది విద్యార్థులకీ చూపించిన ప్రమాదాల ఫిల్ములు ఒకటే. మారింది ప్రశ్నలో ఒక్క క్రియాపదం. కార్లు ఒకదానికొకటి ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో వెళ్తున్నాయని కొందరిని అడిగారు, ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అని ఇంకొందరిని. కాబట్టి స్వతంత్ర చరం ఆ క్రియ. వాళ్లు అంచనా వేసి చెప్పిన వేగం పరతంత్ర చరం, అంటే ఆ మార్పు వల్ల ఏమైందో చూడ్డానికి కొలిచేది. మెత్తటి మాటకి సగటున గంటకు 31.8 మైళ్లు, గట్టి మాటకి 40.8. ఫిల్ములో కార్ల వేగమే కళ్లముందు మెదిలి నేను పడ్డ తికమక ఇది.

ఇంకోటి. మెదడు ఆపరేషన్ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవకుండా పోయిన హెచ్.ఎం. అనే రోగిపై జరిగిన అధ్యయనాన్ని కూడా ‘ప్రయోగం’ అనేశాను. 1953లో ఆయన మెదడుకి ఆపరేషన్ చేసింది మూర్ఛ తగ్గించడానికి, జ్ఞాపకాలు ఏమవుతాయో చూద్దామని కాదు. అది కేస్ స్టడీ, అంటే ఒక్క మనిషిని లోతుగా పరిశీలించడం. ఆ తర్వాత అద్దంలో చూస్తూ ఆయన చేత నక్షత్రం గీయించిన పరీక్ష కూడా అందులో భాగమే.