టైసన్‌కి హారతి

గొడవంతా ఆ చెంపదెబ్బతో మొదలైంది. కార్తీక పౌర్ణమి పొద్దున, కృష్ణ స్నానాలకని చుట్టాలంతా విజయవాడలో మా ఇంట్లో దిగి ఉండగా, బాబాయ్ ఫోన్లోకి ఒక వీడియో వచ్చిపడింది. టెక్సాస్‌లో బాక్సింగ్ పోటీకి ముందు బరువు చూసే దగ్గర, యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకుని బాక్సర్‌గా మారిన జేక్ పాల్ పాక్కుంటూ వచ్చి, ఒకనాటి చాంపియన్ మైక్ టైసన్ కాలు తొక్కాడు. టైసన్ చెళ్ళుమని ఒక్కటిచ్చాడు. బాబాయ్ తల కూడా తుడుచుకోకుండా దాన్ని ఇంటిల్లిపాదికీ చూపించి తీర్పు చెప్పేశాడు.

"రేపు మొదటి రౌండులోనే టైసన్ వాణ్ణి పడగొట్టేస్తాడు. రాసిపెట్టుకోండి."

నేను నోరు మూసుకుని ఇడ్లీ తినాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. నేను లెక్క చెప్పాను. టైసన్‌కి 58, పాల్‌కి 27. 1997లో టైసన్ రింగులో తన ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరికేనాటికి ఈ పాల్ ఐదు నెలల పసిగుడ్డు. టైసన్ చివరిసారి అసలైన పోటీకి దిగింది 2005లో, అదీ ఓడిపోయాడు. ఈ ఫైటే జులైలో జరగాల్సింది, ఆయనకి అల్సర్ తిరగబెట్టి నవంబరుకి వాయిదా పడింది. పైగా రౌండుకి రెండే నిమిషాలు, గ్లవ్స్ చూస్తే పద్నాలుగు ఔన్సులవి, దిళ్ళతో కొట్టుకోవడమే. కాబట్టి ఎవడూ కింద పడడు, ఎనిమిది రౌండ్లూ నడుస్తాయి, పాయింట్ల మీద పాల్ గెలుస్తాడు.

"అయినా 2022లో విజయ్ దేవరకొండ చేతిలో తన్నులు తిన్న మనిషి కదా" అన్నాను.

"అది సినిమారా" అన్నాడు బాబాయ్ ఓపిగ్గా.

"యాభై ఎనిమిదేళ్ళొచ్చాక మనిషిలో ఇంకేం మిగులుతుంది బాబాయ్!"

హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. సంగతేమిటంటే, మా బాబాయ్ ట్రెజరీలో చేశాడు. 2014 మార్చి నెలాఖరుకి 58 నిండాయని శాలువా కప్పి ఇంటికి పంపారు. జూన్ 2 నుంచి రిటైర్మెంట్ వయసు 60 చేశారు. ఎనిమిదేళ్ళ తర్వాత 62 చేశారు. పక్క రాష్ట్రంలో 61. ఈ అంకెలు మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అంటే ఆ రోజు బాబాయ్ భోజనం చెయ్యడు. ఆయన దృష్టిలో టైసన్ బాక్సరేమీ కాదు, మళ్ళీ డ్యూటీలోకి పిలిచిన రిటైర్డ్ ఉద్యోగి. అలా పందెం పడింది. ఓడినవాడు కార్తీకం వెళ్ళాక, పోలి పాడ్యమి దాటాక, అందరికీ వేట మాంసంతో భోజనం పెట్టాలి.

శనివారం పొద్దున ఆరున్నరకే టీవీ పెట్టాం. ఓటీటీ అకౌంటు మా బావమరిదిది. వాడు హైదరాబాదులో ఉంటాడు. టీవీ ఒకసారి ఆపి పెడితే చాలు, "మీరు ఈ ఇంటి సభ్యులేనా" అని తెర మీద నిలదీస్తుంది, ఓటీపీ వాడి ఫోనుకి వెళ్తుంది, వాడు శనివారం పదకొండు దాకా లేవడు. ఎలాగో లేపి, నంబరు చెప్పించుకుని, ఇక మీదట రిమోట్ ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానించుకున్నాం. ప్లాస్టిక్ కవరు తొడిగిన ఆ రిమోట్‌ని బాబాయ్ తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు ఫైట్లలో హర్యానా కుర్రాడు నీరజ్ గోయత్ గెలిచాడు. ఆడవాళ్ళ ఫైటులో కేటీ టేలర్, అమాండా సెరానో మొహాన నెత్తురు కారుతున్నా పది రౌండ్లూ కొట్టుకున్నారు. ముగ్గురు జడ్జీలూ ఒకే ఒక్క పాయింటు తేడాతో టేలర్‌కి ఇచ్చారు, జనం గోల పెట్టారు. ఆ రోజు మొత్తానికి నిజమైన ఫైట్ అదే. మా ఇంట్లో ఎవరూ చూడలేదు, అప్పుడే రెండో వాయ ఇడ్లీ దిగింది.

మెయిన్ ఫైటుకి ముందు డ్రెస్సింగ్ రూములో టైసన్‌తో చిన్న ఇంటర్వ్యూ చూపించారు. హాలు నిండిపోయింది. సోఫాలో బాబాయ్, పిన్ని, కింద చాప మీద పిల్లలు, గుమ్మంలో మా ఆవిడ. టైసన్ రెండు ముక్కలు మాట్లాడి, ఇక చాలన్నట్టు వెనక్కి తిరిగి నడిచాడు. ముందు వైపు ఏదో కట్టుకున్నట్టే అనిపించింది. వెనక వైపు నూలుపోగు లేదు.

టీవీ సరిగ్గా అక్కడ ఆగిపోయింది.

అదీ మామూలుగా ఆగలేదు. యాభై అయిదు అంగుళాల తెర మీద, ప్రపంచ హెవీవెయిట్ మాజీ చాంపియన్ వెనక భాగం నిండుగా నిలబడిపోయింది. దాని నడిమధ్యన ఆ లోడింగ్ చక్రం తిరగడం మొదలుపెట్టింది. చక్రం పక్కనే 25 శాతం అని అంకె. ఆ అంకె కదలదు. పోయినేడాది పండగ ఆఫర్లో "బొమ్మ ఎంత క్లియరో చూడండి సార్" అని నాకీ టీవీ అంటగట్టిన సేల్స్ కుర్రాడు గుర్తొచ్చాడు. అబద్ధం చెప్పలేదు పాపం.

"రామ రామ! వాళ్ళకి బట్టల్లేవా, చలికాలం కూడానూ" అంది పిన్ని, చూపు మాత్రం తిప్పకుండా.

"బాబాయ్, ఆపెయ్" అన్నాను.

"ఆపితే మళ్ళీ ఓటీపీ అడుగుతుందిరా! వాడు లేస్తాడా?"

నెట్ కుర్రాడికి ఫోన్ చేశాను. నెలనెలా ఒకటో తారీఖున మాత్రం మనం పిలవకుండానే వస్తాడు. మోడెం లైట్లు పచ్చగా ఉన్నాయా సార్ అన్నాడు. ఉన్నాయన్నాను. "అయితే మాది కాదు సార్, ప్రపంచమంతా ఆగిపోయింది సార్" అన్నాడు. ప్రపంచం మీదికి నెట్టేసే ధైర్యం మా వీధిలో ఇంకెవరికీ లేదు. బాబాయ్ ఫోన్ లాక్కుని, ప్రపంచం ఎందుకాగుతుందిరా, మీ వైరు ఎలకలు కొరికుంటాయి చూసుకో అని కేకలేశాడు. ఆ రోజు ఆరు కోట్ల ఇళ్ళు ఒక్కసారే చూడబోయాయనీ, అమెరికాలో కూడా అలాగే బొమ్మ నిలిచిపోయి జనం తిట్టిపోశారనీ తర్వాత తెలిసింది. ఆ కుర్రాడికి ఎవరూ సారీ చెప్పలేదు. చెప్పం కూడా.

ఇంతలో దేవుడి గదిలో గంట మోగింది.

మా అత్తగారు కార్తీకమంతా పొద్దున్నే శివపూజ చేసి, హారతి పళ్ళెం పట్టుకుని హాల్లో ఉన్న ప్రతివాళ్ళ దగ్గరికీ వస్తారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు, ఏం కావాలన్నా "అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు" అంటారు. అలాంటి ఆవిడ వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. మా ఆవిడ నోరు మెదపలేదు గానీ, ఆ చూపుకి దివాన్ మీద సోలాపూర్ దుప్పటి ఊడలాగి, రెండు కొసలూ పట్టుకుని టీవీ ముందు నిలబడ్డాను. నెమళ్ళ బొమ్మల దుప్పటి, సింగిల్ మంచానిది. పైకెత్తితే కింద కనపడుతుంది, దించితే టైసన్ తలా భుజాలూ బయటికొస్తాయి. తలకి ఎవరూ అభ్యంతరం చెప్పరు కదా అని కిందికే పట్టాను.

"మావయ్యా, ఇంకొంచెం ఎడమకి" అన్నాడు మా మేనల్లుడు. సాయం చేస్తున్నాడనుకున్నాను. వాడి చేతిలో ఫోన్ ఉంది.

అత్తగారు వచ్చారు. పూజలో కళ్ళజోడు పెట్టుకోరు. నేనేదో దేవుడి పటానికి తెర పట్టాననుకున్నారో ఏమో, తిన్నగా నా ముందుకే వచ్చి, కళ్ళు మూసుకుని, హారతి మూడుసార్లు తిప్పారు. రెండు చేతులూ దుప్పటికే సరిపోయాయి, కళ్ళకి అద్దుకోవడానికి కూడా లేదు. నా తల పక్కన టైసన్ తల.

అప్పుడు కదిలింది వీడియో. వెనక నుంచి స్టేడియం హోరు, "అడ్డు లేవరా!" అని బాబాయ్ కేక ఒకేసారి.

ఇక ఫైట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు రౌండ్ల తర్వాత టైసన్ కాళ్ళు కదల్లేదు. గ్లవ్ కొరుక్కుంటూ నిలబడ్డాడు. మొత్తం మీద తొంభై ఏడు గుద్దులు విసిరితే తగిలినవి పద్దెనిమిది. ఆఖరి గంటకి ముందు పాల్ ఆగి, వంగి నమస్కారం పెట్టాడు. ముగ్గురు జడ్జీలూ పాల్‌కే ఇచ్చారు: 80-72, 79-73, 79-73. నేను చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.

"మరి వేట మాంసం?" అన్నాను.

"ఎనిమిది రౌండ్లూ డ్యూటీ చేశాడా లేదా?" అన్నాడు బాబాయ్. "ఓడిపోయినా ఇరవై మిలియన్ డాలర్లట. నా గ్రాట్యుటీకి ఎన్ని నెలలు తిప్పారో తెలుసా నీకు?"

నేను సరిగ్గా చెప్పానన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు. మధ్యాహ్నానికి ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో ఉంది. దాని మీద మా బావమరిది అప్పుడే లేచి, "బావా, నా అకౌంట్లో ఏం చూస్తున్నారు మీరు?" అని పెట్టాడు. డిలీట్ చెయ్యమని మేనల్లుణ్ణి బతిమాలుతూనే ఉన్నాను. ఇవాళ పొద్దున మా అత్తగారు కళ్ళజోడు లేకుండానే చూసి, కింద నాలుగు నమస్కారాలు పెట్టి, వాళ్ళ భజన గ్రూపుకి ఫార్వర్డ్ చేశారు.