చెవులతోటి చూస్తె అన్ని సీరియళ్లు ఒక్కటే

నల్లగొండ జిల్లా దేవరకొండల నాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, ఫాలు, పికో, చిన్నపిల్లల లంగలు. గోడకు టీవీ ఉంటది, సాయంత్రం ఆరు కొట్టంగనే పెడ్త, షట్టర్ గుంజేదాక నడుస్తనే ఉంటది. కండ్లు సూది మీద, చెవులు టీవీ మీద. పదమూడేండ్ల సంది సీరియళ్లు నేను చూసింది తక్వ, విన్నది ఎక్వ.

మొన్న ఏమైందో చెప్త. పెండ్లి ఆర్డర్ ఉండె, లైనింగ్ అతికిస్తున్న. టీవీల అత్త ఏడుస్తుంది, కోడలు నేనేం తప్పు చేయలేదంటుంది, ఫోటో కింద పడి అద్దం పగిలింది, ఉరుము ఉరిమింది. నేను రోజు వినే సీరియలే అనుకుంట ఇరవై నిమిషాలు విన్న, కథ కూడ మంచిగనే అర్థమైంది. అడ్వర్టైజ్‌మెంట్ వచ్చినంక తలెత్తి చూస్తె అది వేరే ఛానల్, వేరే సీరియల్! నా దగ్గర పని నేర్చుకునే పిల్ల ఎప్పుడో రిమోట్ నొక్కిందట. ఇరవై నిమిషాల్ల ఒక్క మాట కూడ తేడా కొట్టలే నాకు.

ఇంక ఆ చెంపదెబ్బ సీన్లు. చెయ్యి లేస్తది, ఆగుతది, మెట్ల మీదున్నోళ్ల మొఖం, కిచెన్లున్నోళ్ల మొఖం, సోఫాల తాతయ్య మొఖం, ఒక్కొక్కటి మూడు మూడు సార్లు. ఆ దెబ్బ పడేలోపు నేను జాకెట్‌కు రెండు చేతులు అతికించి బాబిన్ల దారం కూడ మార్చుకున్న, అబద్ధం కాదు.

ఏమన్న అంటె ఛానలోళ్లు ఆడోళ్లు ఇవే చూస్తరమ్మా అంటరు. ఎవలు చెప్పిండ్రు? నా షాపుకొచ్చే అంగన్‌వాడీ టీచర్ ఒకామె రాత్రి అందరు పడుకున్నంక ఇయర్‌ఫోన్లు పెట్టుకొని యూట్యూబ్ల మర్డర్ కేసులు చూస్తదట, పోలీసోళ్లు ఎట్ల పట్టుకున్నరో హుక్కులు కుట్టేంతసేపు నాకు పూస గుచ్చినట్టు చెప్తది. ఇంకొకామె దయ్యం సినిమా అంటె అన్నం గూడ తినది. వీళ్లకు ఛానలోళ్లు ఏం పెడ్తుండ్రు? పాలల్ల విషం కలిపెటోళ్లను, ఆఖరి నిమిషంల ఆ గ్లాసు తన్నే పిల్లిని.

పోని ఇంతకుముందు వేరే రకం సీరియళ్లు లేకుండెనా అంటె ఉండె. ఈటీవీ 1995ల మొదలైంది, ఆ కొత్తల్ల లేడీ డిటెక్టివ్ అని వచ్చేది. తర్వాత యమున, అచ్యుత్ చేసిన అన్వేషిత, అబ్బ ఏం సస్పెన్సు అది, అది చూసినంక మా అక్క బయట నల్లా కాడికి పోవాలంటె నన్ను లేపేది. జెమినీల అమృతం 2001 సంది 2007 దాక ఆదివారం ఆదివారం వచ్చింది, ఏ వారం కథ ఆ వారమే అయిపోయేది, మా నాయిన అన్నం తినుకుంట నవ్వి నవ్వి పొలమారేటోడు. హిందీల సీఐడీ 1998ల షురూ అయ్యి ఒకటే సాగున ఇరవై ఏండ్లు నడిచింది. మరి గవన్ని ఎవలు చూసిండ్రు, మా అమ్మలు కాదా?

ఇప్పుడు మనకు కథలు గూడ రెడీమేడ్ వస్తున్నయ్. కార్తీకదీపం మలయాళం కరుత్తముత్తు సంది, ఇంటింటి గృహలక్ష్మి బెంగాలీ శ్రీమొయి సంది, గుప్పెడంత మనసు బెంగాలీ మొహర్ సంది తెచ్చినయే. వేరేటోళ్ల కొలతలకు కుట్టిన జాకెట్‌ను చంకల దగ్గర ఇప్పి మనకు తొడుగుతుండ్రు. కార్తీకదీపం నేను చూసిన, దాస్తె ఏమొస్తది, అండ్ల హీరోయిన్ ప్రేమి విశ్వనాథ్ ఏడిస్తె మిషన్ ఆపి చూసిన. కుటుంబం కథలు వద్దంటలేను. ఆరు సంది పది దాక అదే అంటెనే కడుపుల తిప్పుతది. బిర్యానీ అయినా పొద్దుమాపు పెడ్తె తింటమా?

ఛానలోళ్ల బాధ నాకు అర్థం కాక కాదు. వారానికి ఆరు ఎపిసోడ్లు తీయాలె, ఒక ఇల్లు సెట్టు వేసుకుంటె హాలు, మెట్లు, కిచెన్ తోటి ఏండ్లకేండ్లు ఎల్లదీయొచ్చు, అదే డిటెక్టివ్ కథ అంటె బయట తిరగాలె, ఖర్చు. ఏ సీరియల్ ఎంతమంది చూసిండ్రో లెక్క చెప్పే బార్క్ రేటింగులు గురువారం వస్తయ్, పడిపోతె టైమ్ మారుస్తరు, లేకుంటె లేపేస్తరు. ఆ రేటింగు మీటర్లు కూడ ఇండ్లల్లనే పెడ్తరు, నా షాపుల ఎనిమిదిమంది కూసొని చూసినా లెక్కల రాము. సరే, డిటెక్టివ్ కథ రోజు వద్దు. శని ఆదివారాలు రెండు రోజులు చెయ్యుండ్రి, ముప్పై ఎపిసోడ్లల్ల కథ అయిపోవాలె. ఎంత పెద్ద జాకెటైనా ఎక్కడో ఒకకాడ దారం తెంపుతం కదా, వీళ్లు తెంపరు, హీరోయిన్ చచ్చిపోయినా అదే మొఖంతోటి ఇంకో పిల్లను తెస్తరు.

కథలు లేవంటె మాత్రం ఊకోను. పోయిన నెల ఒకామె కొలతలు ఇచ్చుకుంట చెప్పింది. నాయిన పేరు మీద రెండెకరాలు, దున్నేది వీళ్లే, కొత్త పాసుబుక్కుల ఎవరిదో పేరు. ఎట్ల వచ్చిందని అడగబోతె పాత కాగితం లేదంటరు, ఉన్న కాగితంల నాయిన వేలిముద్ర, నాయినకేమో సంతకం వచ్చు! చెయ్యి పైకెత్తు అక్కా చంక కొలవాలె అన్న సంగతి కూడ మర్చిపోయి టేపు పట్టుకొని నిలబడ్డ. ఇది కోర్టు సీరియల్ కాదా? ముంబై బస్సెక్కిన పాలమూరు లేబరోళ్ల కథ ఏ ఛానల్ల వచ్చింది? ఫ్లోరైడు నీళ్లకు మా దిక్కు ఎంతమంది నడుములు వంగిపోయినయ్, నాగపూర్ల నీరి అనే పరిశోధన సంస్థ సైంటిస్టులు పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడు తీసే పద్ధతి తెస్తె దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టిండ్రు. సైన్సు పుస్తకాల్లకు ఎక్కిన జిల్లా సీరియళ్లల్లకు మాత్రం రాదు. వస్తె మన మాట పనిమనిషికో రౌడీకో పెడ్తరు, అది ఇంకో లొల్లి, ఇప్పుడు వద్దు.

ఇది టైప్ చేస్తుంటెనే ఒకామె బట్ట తీస్కొని వచ్చింది, ఫోన్ల సీరియల్ ఫోటో చూపెట్టి గీ మెడ పెట్టు అక్కా అంటుంది. హీరోయిన్‌ది కాదు, విలన్ ఆడపడుచుది. వెనక డోరీ, రెండు వరసల పైపింగు, మంచిగనే ఉంది. సోమవారం ఇస్తనని చెప్పిన. టీవీ సౌండు పెంచుమంటుంది, ఏడున్నర అయిందట.