భూమి ధరపై నిలబడిన ఖజానా

హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్ళే దారిలో ఎటు చూసినా ప్లాట్ల హద్దురాళ్ళే. చాలామంది దీన్నే అభివృద్ధి అంటున్నారు. నాకు మాత్రం ఇందులో మన రాష్ట్ర పన్నుల విధానంలోని అతి పెద్ద లోపం కనిపిస్తోంది.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక తెలంగాణ సొంతంగా మార్చుకోగలిగే పన్నులు కొన్నే మిగిలాయి. పెట్రోలు, డీజిలుపై వ్యాట్, మద్యం, వాహనాలు, రిజిస్ట్రేషన్లు వాటిలో ముఖ్యమైనవి. జీఎస్టీ వల్ల తగ్గిన రాబడికి కేంద్రం ఇచ్చిన పరిహారం 2022 జూన్‌తో ఆగిపోయింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్ర వాటా పద్నాలుగో ఆర్థిక సంఘం నాటి 2.437 శాతం నుంచి పదిహేనో సంఘం నాటికి 2.102 శాతానికి తగ్గింది. డబ్బు కావలసినప్పుడల్లా ప్రభుత్వం చూపు భూమి మీద పడుతోంది. 2021లో స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే భూముల మార్కెట్ విలువలనూ అప్పుడే పెంచారు, 2022 ఫిబ్రవరిలో మళ్ళీ పెంచారు.

రిజిస్ట్రేషన్ల మీద బతికే ప్రభుత్వానికి ఎకరం ధర పెరిగితే పండగే. కానీ ఎనుమాముల మార్కెట్‌కు మిరప తెచ్చే రైతు కొడుకు ఒక కారం మిల్లు పెట్టాలనుకుంటే? యంత్రాల కోసం దాచిన సొమ్మును స్థలమే మింగేస్తుంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు 2002లో మూతపడింది, దాని నేలలో చాలా భాగం ఇళ్ళ స్థలాలైంది. గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా జౌళి పార్కు రావాలంటే ప్రభుత్వమే భూమి సేకరించి ఇవ్వవలసి వచ్చింది.

ఇక అప్పులు. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం 2014-15లో 72,658 కోట్ల రూపాయలున్న అప్పు, కార్పొరేషన్ల రుణాలతో కలిపి 6,71,757 కోట్లకు చేరింది. ఈ లెక్కను అంతకుముందు పాలించినవారు ఒప్పుకోలేదు. అప్పు ఎంత అన్నదానికన్నా అది ఏం తెచ్చిపెట్టిందన్నదే నాకు ముఖ్యం. పూడిక తీసిన ఊరి చెరువు ఒక్క వాన పడితే నిండి ఆయకట్టుకు నీరిస్తుంది. కాళేశ్వరం పనులకు కార్పొరేషన్ పేరుతో తెచ్చిన అప్పు అలా కాదు. 2023 అక్టోబరులో అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక కూడా వడ్డీ కట్టక తప్పడం లేదు. సొంత రాబడి లేని కార్పొరేషన్ తరఫున ఆ వడ్డీని ఖజానాయే మోస్తోంది.

అక్కడ ఊపిరాడని ఖజానా ఇక్కడ బిల్లులు ఆపుతుంది. ఊళ్ళో సీసీ రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరు, పదవి దిగిపోయిన సర్పంచ్ నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకు చెల్లించారు. ఇదీ ప్రభుత్వం చేసిన అప్పే, పై అప్పుల మొత్తంలో కనిపించని అప్పు. ఆ డబ్బు చేతికి వచ్చి ఉంటే వరంగల్ బజారులో సిమెంటు, ఇనుము, బట్టలు కొనేవారు. వృద్ధి ఎక్కడ ఆగిపోతోందని అడిగితే నేను మొదట చూపేది ఈ చోటునే.

ఈ ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోబోమని, నిర్ణీత సుంకమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. ఏటా విలువలు మారుతాయేమో, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట పెట్టుబడి పెట్టేవాడికి ఈనాడు కావలసింది అలాంటి అభయమే. పరిశ్రమకు కొనే స్థలంపై స్టాంపు సుంకం తగ్గించడం రాష్ట్రం చేతిలోని పని. పెండింగ్ బిల్లులను తేదీల వరుసలో అందరికీ కనిపించేలా పెట్టి, అదే వరుసలో చెల్లించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, కొత్త అప్పూ అక్కర్లేదు.