సవరణ: డోడో లేకపోయినా ఆ చెట్టు మొలుస్తుంది

వర్షారణ్యాల్లో చెట్లూ జంతువులూ ఒకదాన్నొకటి ఎలా ఆదుకుంటాయో చెప్పిన పోస్టులో, మారిషస్‌లోని తంబలకోక్ అనే చెట్టు గింజ, దాని పెంకు డోడో పక్షి కడుపులో అరిగితే తప్ప మొలకెత్తదని, డోడో అంతరించాక ఆ చెట్టూ మొలవడం మానేసిందని రాశాను. అది తప్పు.

ఆ మాట 1977లో స్టాన్లీ టెంపుల్ అనే జీవశాస్త్రవేత్త అన్నది. ఆయన టర్కీ కోళ్లకు 17 గింజలు మింగిస్తే 3 మొలిచాయి. మింగించని గింజల్ని పక్కన నాటి పోల్చి చూడలేదు, చిక్కంతా అక్కడే. ఆ చెట్లలో మిగిలినవి 13 ముసలివేనన్న ఆయన లెక్కా నిలవలేదు. వందల్లో ఉన్నాయనీ, వాటిలో 300 ఏళ్లు నిండనివీ, అంటే డోడో అంతరించాక మొలిచినవీ ఉన్నాయనీ మారిషస్ అడవుల్ని ఎరిగిన వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత చెప్పారు. గింజ పెంకు గట్టిదే. కానీ దానికి అతుకులాంటి గీత ఒకటుంది. మొలక ఉబ్బినప్పుడు పెంకు ఆ గీత వెంబడే విచ్చుకుంటుంది. ఏ పక్షీ అరగదీయక్కర్లేదు.

డోడో ఆ పళ్లు తిని ఉండొచ్చు, అది వేరే సంగతి. చెట్లు తగ్గడానికి అడవుల నరికివేతా, మనుషులు ఓడల్లో తెచ్చిన కోతులూ పందులూ జింకలే ముఖ్య కారణాలంటున్నారు. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.