కాటా ఎవరిదైతే ధర వాళ్లదే

2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు పాలన గడప దగ్గరికి వస్తుందన్నారు. వచ్చిందనే అనుకుందాం. గట్టుప్పల నల్లగొండలో ఉండిపోయింది, పక్కనే ఉన్న పుట్టపాక యాదాద్రి భువనగిరికి వెళ్లింది. రెండూ నేత ఊళ్లే. రెండు ఊళ్లలోనూ ఆసు పోసేది (అద్దకానికి ముందు నూలు పేర్చి చుట్టేది) అదే పద్ధతిలో, అద్దకం రంగులూ అవే. ప్రణాళికలు మాత్రం రెండు కలెక్టరేట్లలో విడివిడిగా తయారవుతాయి. పైగా ఇప్పుడు 'ఒక జిల్లా, ఒక ఉత్పత్తి' అంటున్నారు. బత్తాయి చెట్టు జిల్లా పటం చూసి కాస్తుందా?

దక్షిణ తెలంగాణకు కావలసింది జిల్లాల వారీ అభివృద్ధి కాదు, పంటల వారీ, వృత్తుల వారీ ఉమ్మడి బేరం. నల్లగొండ బత్తాయి, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరుశనగ, గద్వాల, నారాయణపేట మగ్గం: ఒక్కోదానికి జిల్లాల గీతలు దాటిన ఒక సమాఖ్య ఉండాలి. దానికి సొంత కాటా ఉండాలి.

కాటా అని ఊరికే అనలేదు. బత్తాయి కోత రోజున ఒకసారి తోట దగ్గర నిలబడి చూడండి. నల్లగొండ దగ్గరి గంధంవారిగూడెంలో బత్తాయి మార్కెట్ కట్టినా చాలామంది రైతులు ఇప్పటికీ తోటలోనే అమ్ముకుంటున్నారు. లారీ తూకానికి వెళ్లి వచ్చాక వ్యాపారి చీటీ వెనక లెక్క రాస్తాడు. టన్నుకు ఇంత తరుగు. ఎందుకని అడిగితే 'దారిలో కుళ్లుతుంది' అంటాడు. కాయ ఢిల్లీ చేరకముందే కుళ్లిన లెక్క రైతు ఖాతాలో పడిపోయింది! నేను చూసిన రైతు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, 'వాళ్లు మాట్లాడుకుని వస్తారు సార్, మేం ఎవరికి వాళ్లం వస్తాం' అన్నాడు. ఏ నిపుణుల నివేదికా ఇంత సూటిగా చెప్పలేదు.

సహకార సంఘాలంటే రాజకీయ నాయకుల పునరావాస కేంద్రాలని కొందరు పెదవి విరుస్తారు. చాలాచోట్ల నిజమే. కానీ 1956లో మొదలైన ములుకనూరు రైతుల సహకార సంఘం ఈ రాష్ట్రంలోనే ఇప్పటికీ నడుస్తోంది. సభ్యులు లెక్క అడిగే చోట సంఘం బతుకుతుంది.

2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పెడతామంది. నిర్వహణకు మూడేళ్లలో ఒక్కోదానికి 18 లక్షల వరకు ఇస్తామంది. మంచిదే. అయితే మూడు వందల మంది రైతుల సంస్థ ఢిల్లీ దళారి ముందు నిలబడి ఎంత బేరమాడగలదు? ఇలాంటివి పాతిక కలిస్తే అప్పుడు మాట చెల్లుతుంది. కలపడానికి ఒక్క జిల్లా అధికారికీ అధికారం లేదు, ఎందుకంటే ఆయన పరిధి గీత దగ్గరే ఆగుతుంది.

అసలు సంగతి ఇంకొకటి. మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు, అంటే ఊళ్లో సొసైటీలకు, ఎన్నికలు జరిగింది 2020 ఫిబ్రవరిలో. ఆ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2025 ఫిబ్రవరిలో తీరింది. అప్పుడు ఎన్నికలకు బదులు పొడిగింపు వచ్చింది. పంచాయతీ ఎన్నికలు ఆలస్యమైతే గగ్గోలు పెట్టే పార్టీలు సొసైటీ ఓటు గురించి పెద్దగా నోరెత్తలేదు. సొసైటీ చైర్మన్‌ను దించే ఓటు రైతు చేతిలో లేనంత కాలం, సమాఖ్య పెట్టినా ఆ కాటా దగ్గర కూర్చునేది మళ్లీ ఆ పాత మనుషులే.