షోకేసు వీణ, ఇత్తడి బూర

ఈసారి మా తెలుగు సంఘం ఉగాది సంబరాల లిస్టులోంచి మా పెద్దాడి ట్రాంబోన్ (పొడుగాటి ఇత్తడి బూర) ఐటమ్ ఆఖరి నిమిషంలో ఎగిరిపోయింది. మోహన రాగంలో ఒక వర్ణం, పక్కన మృదంగం, అంతే. టైమ్ చాలదన్నారు. సరే, సినిమా డాన్సులు ఎంతకీ తెమలడం లేదు, చంటిపిల్లల తల్లులు భోజనాల వైపు చూస్తున్నారు, నాకూ కళ్లున్నాయి. గుచ్చుకున్నది ఆ తరవాత కమిటీ అన్నయ్య ఒకాయన నవ్వుతూ అన్న మాట: "బ్యాండ్ మేళం ఎందుకమ్మా, ఇదేమన్నా పెళ్లి ఊరేగింపా?" పక్కవాళ్లూ నవ్వారు. కాసేపటికి ముఖ్య అతిథికి శాలువా కప్పి, అద్దాల పెట్టెలో బొబ్బిలి బుల్లి వీణ చేతిలో పెట్టారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ బూర సంగతి కొంచెం చెప్పనివ్వండి. మేముండే ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో బ్రాస్ బ్యాండంటే, అంటే ఇత్తడి బూరల మేళమంటే, మన ఊళ్లలో భజన మండలి లాంటిది. క్వీన్స్‌బరీలోని బ్లాక్ డైక్ మిల్లు పేరు పెట్టుకున్న బ్యాండు 1855 నుంచీ ఉంది. వాయించింది ఆ మిల్లు కార్మికులే. మా ఊరి బ్యాండువాళ్లు మావాడి చేతికి ఒక పాత ట్రాంబోన్ ఇచ్చి, డబ్బులేం వద్దు, ప్రాక్టీసు మానకుండా వస్తే చాలన్నారు. వాడు వదిలేరకం కాదని తేలాక సొంతది కొందామనుకున్నాం. మావారు రివ్యూలన్నీ చదివి పేరున్న పెద్ద కంపెనీది, తళతళ మెరిసేది ఒకటి ఎంచారు. బ్యాండు మాస్టారు ఒప్పుకోలేదు. హడర్స్‌ఫీల్డ్ పక్కన హాన్లీలో ట్రాంబోన్లు చేతితో చేసే రాథ్ వాళ్ల వర్క్‌షాప్ ఉంది, ముందు అక్కడ ఊది చూడనివ్వండి అని తనే వెంట వచ్చారు.

అక్కడ రెడీమేడ్‌గా ఒకటి తీసి ఇవ్వరు. బూర విచ్చుకునే బెల్ వేరు, ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం, అదే స్లైడ్, వేరు, నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్ దిగే లీడ్‌పైప్ వేరు. ఒక్కొక్కటి మార్చి ఊదుతూ పోవాలి. మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70 శాతం, ఎర్ర ఇత్తడిలో 90 శాతం. రాగి పెరిగేకొద్దీ నాదం మెత్తబడుతుందని వాయించేవాళ్లు అంటారు. మొదట్లో నా చెవికి అన్నీ ఒకటే. మాస్టారు గదికి ఆ చివర నిలబడి, ఇక్కడ ఏది బాగుందో ఊదేవాడికి తెలియదు, నేను చెబుతాను అన్నారు. మావాడు ప్రతిదాని మీదా మోహన ఆరోహణే ఊదాడు.

ట్రాంబోన్‌కి మెట్లుండవు. స్లైడులో ఏడు స్థానాలు, అంటే ఒక జారుకి ఆరు స్వరస్థానాల దూరం. స నుంచి ప్రతిమధ్యమం దాకా జారొచ్చు గానీ పంచమానికి చేరలేం, పెదవి బిగించి పైకి ఎక్కాల్సిందే. శ్రుతి సరిగ్గా కుదుర్చుకుంటే గ నుంచి ప కి జారు మాత్రం హాయిగా ఇముడుతుంది. ఆ శ్రుతి వాడే వెతుక్కున్నాడు, ఎవరూ చెప్పలేదు. చివరికి తెచ్చుకున్నది ఎర్ర ఇత్తడి బెల్. మావారి తళతళ దానికి లేదు.

మాది విజయనగరం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో మా అత్తయ్య వీణ చేయించుకున్నప్పుడు నేనూ వెళ్లాను. ఒక్క పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తారు. 24 మెట్లూ మైనంలో కూర్చి, మీటి, నచ్చక మళ్లీ కదిపి, మళ్లీ మీటి. ఇప్పుడు అదే ఊళ్లో గిఫ్ట్ వీణలకు మంచి గిరాకీ. పనివాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, తప్పు పట్టను. కొనేవాళ్లం మనం. వాయించడానికి వీల్లేని వీణను స్టేజీ ఎక్కించి, ఊదగలిగే బూరని కిందికి దించింది కూడా మనమే.

బ్యాండ్ మేళం అంటే మనకు ఎందుకంత చులకన? వాళ్లు లేనిదే ఊరేగింపు కదలదు, భోజనాల దగ్గర మాత్రం వాళ్లది ఆఖరి బంతి. ఆ నవ్వులో నాకు వినిపించింది ఇదే. పరాయి వాయిద్యం అనేవాళ్లకి: ఫిడేలు ఎక్కణ్నుంచి వచ్చింది? 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు నేర్పింది ఆ ఫిడేలే. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ చేతిలో మాండలిన్ మనది కాకుండా పోయిందా?

కమిటీవాళ్ల కష్టం నాకు తెలుసు. ఉద్యోగాలు చూసుకుని, స్పాన్సర్లని బతిమాలి, హాలు ఊడ్చేదీ వాళ్లే. రికార్డు చేసిన ట్రాక్ పెడితే మైకు గొడవ ఉండదు, లైవ్ అంటే టెన్షన్. అయినా అడుగుతున్నాను. దీపావళికి పదిహేను నిమిషాలు ట్రాకుల్లేకుండా ఉంచండి, ఏ వాయిద్యమైనా సరే. ఒక ఏడాది జ్ఞాపికల డబ్బు కలిపి గొల్లపల్లిలో పెద్ద వీణ ఒకటి చేయిద్దాం. బ్యాండువాళ్లు మావాడికి ఇచ్చినట్టే నేర్చుకునే పిల్లలకి వంతులవారీగా ఇద్దాం. చేరవేతా, తంత్రుల ఖర్చూ నేను చూసుకుంటాను. ఈ రెండూ సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టమని కార్యదర్శిగారికి రాశాను. బలపరుస్తూ ఇంకో సభ్యుడి సంతకం కావాలట. ఎవరైనా పెడతారా?