థాయిలాండ్ వీసాకు పాలమూరు ఎఫ్‌డీ రసీదు పనికిరాదు

నల్లగొండ, పాలమూరు పెన్షనర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. రిటైరై థాయిలాండ్‌లో ఉంటున్నవారు వీసా గడువు పెంచుకోవడానికి ఇక్కడి ఎఫ్‌డీ రసీదో, పెన్షన్ స్లిప్పో చూపితే చాలట. అది కుదరకపోతే ఖాతాలో చూపాల్సిన 8 లక్షల బాత్ (థాయ్ కరెన్సీ) చేబదులు తెచ్చి ముందురోజు ఖాతాలో వేసి, ముద్ర పడ్డ మరునాడే తీసి ఇచ్చేయవచ్చట. చియాంగ్‌మైలో ఉంటున్న మా బావగారి కాగితాలు మూడేళ్లుగా నేనే చూస్తున్నాను కాబట్టి దీనికి జవాబు రాయక తప్పడం లేదు.

మొదట ఎఫ్‌డీ సంగతి. 50 ఏళ్లు నిండినవారికి ఇచ్చే ఈ పొడిగింపునకు నిల్వ చూపదలిస్తే, ఆ 8 లక్షల బాత్ థాయ్ బ్యాంకులో, దరఖాస్తుదారు పేరు మీదే ఉండాలి. మహబూబ్‌నగర్‌లో ఎంత డిపాజిట్ ఉన్నా, దేవరకొండ దగ్గర ఎన్ని ఎకరాలున్నా లెక్కలోకి రావు. స్వదేశంలోని థాయ్ రాయబార కార్యాలయం నుంచి తీసుకునే ఓ-ఏ అనే రిటైర్మెంటు వీసాకు స్వదేశపు బ్యాంకు నిల్వ చూపవచ్చు. బహుశా ఆ మాటే పొడిగింపునకు అంటుకుంది.

ముందురోజు వేయడమన్నది ఇంకా ప్రమాదకరమైన సలహా. సొమ్ము దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఖాతాలో ఉండాలి. దరఖాస్తు రోజు ఉదయమే మా బావగారు బ్యాంకుకు వెళ్లి, 100 బాత్ జమచేసి, ఆనాటి తేదీ పడేలా పాస్‌బుక్ ప్రింటు వేయించి, బ్యాంకు ఇచ్చే ధ్రువీకరణ పత్రంతో పాటు పేజీ పేజీకీ జిరాక్సు తీసి సంతకం పెడతారు. నిన్న వచ్చిపడిన 8 లక్షలు ఆ పేజీల్లో ఎక్కడ దాక్కుంటాయి?

మరునాడు తీసేయడమూ కుదరదు. 2019 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, పొడిగింపు వచ్చాక మూడు నెలల పాటు 8 లక్షలూ కదలకూడదు. ఆ తర్వాత కూడా నిల్వ 4 లక్షలకు తగ్గకూడదు. అంటే ఏడాదిలో వాడుకోగలిగేది సగమే, అదీ ఏడు నెలలే. చేబదులు ఇచ్చినవాడు అన్నాళ్లు ఆగుతాడా!

పెన్షన్ మాటలో కొంత నిజముంది. నెలకు 65,000 బాత్ ఆదాయం చూపితే నిల్వ అక్కర్లేదు. అయితే అది మన రూపాయల్లో లక్షన్నర దాటుతుంది, మన టీచర్ల పెన్షన్ అంతవరకు ఎక్కడొస్తుంది? పైగా ఆదాయానికి తమ దేశ రాయబార కార్యాలయ ధ్రువీకరణ లేనివారు ఆ మొత్తం నెలనెలా విదేశం నుంచి థాయ్ ఖాతాకు చేరినట్టు చూపాలి, కాబట్టి ఉత్త స్లిప్పుతో పని జరగదు. ఏడాది ఆదాయం, నిల్వ కలిపి 8 లక్షలు చూపే మూడో దారి కూడా ఉంది: నెలకు 20,000 బాత్ వస్తుందని రుజువుచేయగలిగినవారు 5,60,000 బాత్ నిల్వ ఉంచితే సరిపోతుంది.

మా బావగారి గడువు మార్చి నెలాఖరుకు ముగుస్తుంది. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) నుంచి పంపాలంటే ఆడిటర్ సర్టిఫికెట్టు, ఫారాలు అంటూ రోజులు పడతాయి కనుక, తరిగిన సొమ్ము నింపే పని మేము నవంబరులోనే మొదలుపెడతాం.